నీలి పొడి

క్రౌన్ స్ట్రీట్ వెనక సందులో
నేల కింద ఉంటుంది మా జిమ్. పద్నాలుగు మెట్లు.
రాత్రి ఏడున్నర, వాలన్‌గాంగ్‌లో జూలై చలి,
చేతిలో షేకర్, అందులో నీలం నీళ్ళు.
డబ్బా మీద బ్లూ రాస్ప్‌బెర్రీ అని ఉంది.
ఆ పండు ఏ కొమ్మకీ కాయదు.

తాగిన పావుగంటకి
చెవి తమ్మెల దగ్గర బయల్దేరతాయి చీమలు,
మెడ దిగి, మోచేతులు దాటి, బారు తప్పకుండా.
"ఎక్కింది" అంటాడు డెక్లన్, చెంపలు గోక్కుంటూ.
అతను నీళ్ళు కూడా కలపడు,
పొడి పొడిగానే నోట్లో పోసుకుని దగ్గుతాడు,
విభూతి ఊదినట్టు నీలం పొగ.

ఆసుపత్రి లాబ్‌లో రక్తం గొట్టాలు తిప్పేదాన్ని నేను,
లేబుల్ చదవకుండా మంచినీళ్ళయినా ముట్టను.
అరవై అయిదు డాలర్లు, ముప్పై చెంచాలు.
చెంచాకి కెఫీన్ మూడు వందల మిల్లీగ్రాములు,
అంటే ఇంట్లో ఫిల్టర్ కాఫీ మూడు గ్లాసులు,
ఆ వాసన మాత్రం లేకుండా.
మిగిలిందంతా మా సొంత మిశ్రమమట,
ఏది ఎంతో చెప్పరు.
నేనలా రిపోర్టు రాస్తే
సాయంత్రానికి నా బల్ల దగ్గర ఇంకెవరో కూర్చుంటారు.

అయినా తాగాను. ఏడు నెలలు.
అబద్ధమెందుకు, బార్ లేచింది.
మొదట్లో అర చెంచా, తర్వాత తలకొట్టి చెంచా,
ఆ తర్వాత గోపురం కట్టి.
రాత్రి ఒంటిగంటకి మంచమ్మీద
ఒళ్ళంతా అలిసి పడిపోయాక గుండె ఒక్కటే మేలుకుని
పోర్ట్ కెంబ్లా కొలిమితోపాటు నైట్ షిఫ్ట్ చేసేది.
అప్పు చేసి పప్పుకూడంటే
పప్పు గురించి కాదని అప్పుడు తెలిసింది.

సరే, తేల్చేద్దామనుకున్నాను.
పన్నెండు రోజులు, పన్నెండు షేకర్లు.
ఆరింట్లో పొడి, ఆరింట్లో ఉత్త నీలం షర్బతు.
ఏది ఏదో నాకు తెలియకూడదు.
కలిపే పని ఇలిసాపేటికి అప్పగించాను.
రాత్రిళ్ళు బస్సు నడుపుతుంది,
నేనెత్తేదానికి రెట్టింపు ఎత్తుతుంది,
ఎత్తేముందు ఒక అరటిపండు, ఎత్తాక ఇంకో అరటిపండు.

నోటుబుక్కులో గళ్ళు గీశాను.
మూడో రోజు: చీమలు, ఎనభై అయిదు కిలోలు.
ఆరో రోజు: చీమలు కొద్దిగా, ఎడమ చెవికి మాత్రమే.
ఎనిమిదో రాత్రి: ఏడు గంటల నిద్ర. కారణం తెలియదు.
తొమ్మిదో రోజు: తొంభై అయిదు! నా జన్మలో ఎత్తనంత.
పక్కనే రాశాను, పొడి, సందేహం లేదు అని.
కింద రెండు గీతలు.

పన్నెండో రాత్రి జాబితా ఇమ్మన్నాను.
ఇలిసాపేటి మోకాలి పట్టీ విప్పుతూ, నేల చూస్తూ
"నాలుగో రోజు నుంచీ అన్నీ షర్బతే" అంది.
"నీ కళ్ళు అద్దంలో చూసుకున్నావా ఎప్పుడైనా?
పారబోయడానికి మనసొప్పక పొడి నేనే తాగాను.
ఆఖరి ట్రిప్పు ఫిగ్‌ట్రీ దాకా నడపాలిగా."

ఎలా ఉంది మరి?

"చెవులు దురద. టీ నయం."

ప్రయోగం పాడైంది. ఏ పత్రికా అచ్చు వెయ్యదు.
కెఫీన్‌కి బలముందని ఇప్పటికీ ఒప్పుకుంటాను,
డెక్లన్‌తో వాదించను.
కానీ తొమ్మిదో గడి దగ్గర వేలు ఆగిపోతుంది.
ఉత్త చక్కెర నీళ్ళకి
ఆ చీమలు ఏ పుట్టలోంచి వచ్చాయి?
చక్కెరున్న చోటికి చీమలు రావా అని
ఇలిసాపేటి నవ్వుతుంది.

డబ్బాలో ఇంకా తొమ్మిది చెంచాలుంది.
పారెయ్యలేదు. ఉప్పు సీసా వెనక పెట్టాను.

ఇవాళ ఉత్త చేతుల్తో వచ్చాను,
సంచీలో నలిగిన అరటిపండు.
పద్నాలుగో మెట్టు మీద
ఎడమ చెవి దురద పెట్టింది.
గోక్కోలేదు.