డబ్బా అడుగు

నారాయణపేట సగానికి మా ఆయన చెయ్యి తగిలింది.
పని ముగిసిన దినం కూలితో పాటు
డబ్బా అడుగున మిగిలిన నాలుగు వేళ్ళ రంగు
మూత గట్టిగ నొక్కి
సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకొని వస్తడు.
పారబొయ్యనీకె ఆయనకు మనసొప్పది.

గట్లనే మా ఇల్లు నిండింది.
వంటింట్ల పిస్తా పచ్చ, పళ్ళ డాక్టరుది.
నడిమి అర్రల లేత గులాబి,
మక్తల్ రోడ్డు షావుకారి బిడ్డ వద్దన్నది.
వాకిలి గోడకు బ్యాంకు నీలం, సగం దాకనే వచ్చింది,
ఆడికెల్లి ఫంక్షన్ హాలు పసుపు అందుకున్నది.
తలుపు వెనక చెయ్యెడల్పు బూడిద రంగు,
అది ఎవరిదో ఆయనకే యాదిలేదు.

కొత్తల నవ్వుకున్న.
పోను పోను
పొయ్యి కాడ నిలవడితే ఎవరో పన్ను గుంజుతున్నట్టు,
వాకిట్ల కూసుంటే ఎవరో బాకీ అడగనీకె వస్తున్నట్టు.

మా ఆడిబిడ్డ సాయవ్వ గడప దాటకుండనే అన్నది:
"ఇల్లు గాదు వదినే, బొంత."

ఆ రాత్రి ఆయనతోని కొట్లాడిన.
ఊరందరి ఇండ్లకు మ్యాచింగు జూస్తవు,
కర్టెన్‌కు గోడ, గోడకు సోఫా అని
రంగుల కార్డు తిప్పి తిప్పి చూపెడ్తవు.
మనకు ఒక్కటంటే ఒక్క రంగు రాదా?
వేళ్ళ సందుల తెల్ల మరక గీక్కుంట
"ఒక్క రంగుకు ఆరు వేలు" అన్నడు.
ఇంకేం అనలే.
ఆరు వేలంటే గుంత మగ్గంల కాళ్ళు వెట్టి
ఎన్ని దినాలు కూసోవాల్నో నాకు లెక్క తెల్సు.

ఆ నెలల సేటు ఒక చీర వాపసిచ్చిండు.
కొంగు మీద నూనె చుక్క, కందిగింజంత.
కూలి కోసి, చీర నా మీద పడేసిండు.
రెండు దినాలు సందుగుల వెట్టి ఏడ్చిన.
మూడో దినం కత్తెర పట్టిన.
వంటింటికొక కర్టెన్, అర్రకొకటి, బయట కిటికీకొకటి.

నాచు రంగు చీర, ఎర్ర అంచు.
ఎక్కడ తగిలిచ్చినా ఆ ఎరుపు
పక్కన గోడతోని కయ్యం వెట్టుకోలే.
పిస్తా పక్కన పండింది, నీలం పక్కన నిలవడ్డది.
అట్ల చూస్తనే ఉన్న. అన్నం అడుగంటింది.

తెల్లారి కిరాణంల పావుకిలో జాజు కొన్న.
"ఎమల్షన్ మీద జాజు నిలువది" అన్నడు, పనిమంతుడు గద.
తుమ్మబంక నానవెట్టి కలిపిన.
మోకాటెత్తున, బెత్తెడు వెడల్పు పట్టీ.
వాకిలి కాడ మొదలువెట్టి
నీలం మీదికెల్లి, గులాబి మీదికెల్లి,
తలుపు కాడ గడప మీదికి దించి, మల్ల ఎక్కిచ్చి
ఇల్లంత చుట్టిన.
పైన చిన్న చిన్న గోపురం మొనలు, అంచుకు నేసినట్టే.
అవి మాత్రం సక్కగ రాలే.
మగ్గం మీదైతే దారం లెక్క చెప్తది,
గోడ మీద ఎవరు చెప్తరు?
బీరువా వెనకకు చెయ్యి వట్టలే, ఆడ పట్టీ తెగింది.
ఎవరు చూడరు. నాకు తెల్సు.

సాయవ్వ మల్ల వచ్చింది. ఈసారి లోపలికొచ్చి కూసున్నది.
చాయ తాగుకుంట వేలుతోని మొనలు లెక్కవెట్టింది.
"బొంతనే" అన్న, నేనే ముందుగాల.
"కుట్టనీకె దారం దొరికింది."

నిన్న ఆయన వంకాయ రంగు తెచ్చిండు.
బ్యూటీ పార్లర్‌దట, మూడు వేళ్ళే ఉన్నది.
ఇదివరకైతే చెప్పకుండనే ఎక్కడో ఒకకాడ పూసేటోడు.
ఇయ్యాల డబ్బా చంకల వెట్టుకొని
గడప కాడనే నిలవడి,
పట్టీ దిక్కు చూసి, నా దిక్కు చూసి
"పైనా, కిందనా?"
అని అడిగిండు.