తోక

మా ఇంటిపేరు మామిడి.
బాసర దాటి ఒక్క స్టేషన్ ముందుకొస్తె, ధర్మాబాద్‌ల,
మామిడ్వార్.
ఎవరు తగిలించిన్రో ఆ తోక, తెల్వదు.
తలాఠీ రిజిస్టర్ల ఎక్కింది, బడిల ఎక్కింది,
ఆఖరికి మా మామ సంతకంల ఎక్కింది.
ఒక్కరన్న అడిగిన్రా,
పేరు మీదేనా, మార్చమంటరా అని?

గందుకె నవ్వొచ్చింది నాకు,
మా కారం గిర్నికి ఇంటర్నెట్ల ఉన్న పేరును
నాందేడ్ కంపెనీ నుంచి హైదరాబాద్ కంపెనీకి మార్చాల్నంటె
పదహారు అక్షరాల కోడు కావాల్నన్నప్పుడు.
నాందేడోడు ఏటేటా రేటు పెంచుతడు,
ఫోన్ చేస్తె పాట వినిపిస్తడు.

హైదరాబాద్ నుంచి నాగవేణి అనే పిల్ల చెప్పింది:
అక్కా, ముందుగాల పాత కంపెనీల తాళం తీయించు.
తర్వాత కోడు అడుగు.
అది పేరు ఎవరి మీదుంటె వాళ్ల మెయిల్‌కే వస్తది.
ఎవ్వరికి చెప్పకు.
నాకు గూడ చెప్పకు.
మా పేజీల నీ చేత్తోని నువ్వే రాయి.

ఎవరి మీదుంది?
తొమ్మిదేండ్ల కింద
మా మునీం దిగంబర్ కాక పెట్టిచ్చిండు అదంత.
మెయిల్ ఆయనది, ఫోన్ నంబరు ఆయనది,
యజమాని అన్న గడిల ఉన్నది ఆయనే.
రాళ్లు నావి, మోటరు నాది, దగ్గు నాది,
పేరు మటుకు ఆయన జేబుల.

కుండల్‌వాడి బస్సెక్కిన. ఒళ్లె కిలో కారం పొట్లం.
నడిమిట్ల ఫోన్.
నాందేడ్ ఆఫీసు నుంచే మేడం,
కోడు చెప్పున్రి, మేమే మారుస్తం.
కోడు ఇంకా పుట్టనే లేదు!
ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అనుకుంట
పెట్టేసిన.
పెట్టేసినంక చెయ్యి వణికింది.

కాక అద్దాలు తుడుసుకుండు.
పొట్లం వాసన చూసిండు, ఈసారి తేజా ఎక్కువ కలిపినవ్ అన్నడు.
చాయ్ అయిపోయినంక మెల్లగ అన్నడు:
నేను ఇయ్యనంటె?

వాకిట్ల కోడి గీరుతున్న సప్పుడు ఇనొచ్చింది.
పదకొండు నెలల జీతం బాకీ, కరోనా ఏడుది,
నేను మరిచిపోయింది,
ఆయన మరువంది.

సంచిల కెల్లి పైసలు తీసిన. లెక్క పెట్టలే ఆయన.
ఫోన్ తెరిచి
ఆడతి పట్టీ ఎనకకు తిప్పి రాసుడు మొదలుపెట్టిండు.
పెద్ద బి. చిన్న క్యూ. ఏడు.
సున్నా నడుమ గీత కొట్టిండు, ఓకు కొట్టలే,
ముప్పై ఏండ్లు పద్దులు రాసిన చెయ్యి.
పట్టీ నాలుగు మడతలు పెట్టి నాకిచ్చి
తన ఫోన్ బోర్లేసిండు.

ఇగ ఐదు రోజులు.
నాందేడోడు కాకకు మెయిల్ పంపిండట,
వద్దనుకుంటె చెప్పున్రి, ఊకుంటె పోతది.
కాక ఊకున్నడు.
కొన్నిసార్లు ఊకునుడు గూడ సంతకమే.

పేరు కదిలిపోతున్న సంగతి బయట ఎవ్వరికి తెల్వదు.
మూడో రోజు లాతూర్ కెల్లి పది కిలోల ఆర్డరు
ఎప్పటి లెక్కనే వచ్చింది.
సరిహద్దు ఊర్లు అటు పోతమని అర్జీలు పెట్టి
ఎన్నేండ్లాయె, అన్ని ఇక్కడ్నె ఉన్నయి.
ఇది శుక్రారం రాత్రి సప్పుడు లేకుంట దాటింది.

పట్టీని పొయ్యిల ఏసిన.
కోడు ఇగ చెల్లదంట, అయినా ఏసిన.
దాని ఎంబడి మిర్చి తొడిమెలు గూడ పడి
నేను, గిర్నిల పనిచేసే పోసాని
కండ్లనీళ్లు పెట్టుకుంట దగ్గి దగ్గి నవ్వినం.

అటెన్క యజమాని గడిల కాక పేరు కొట్టేసి
నా పేరు రాసిన.
ఇంటిపేరు కాడ ఆగిన.
మామిడి, అని రాసిన. చూసుకున్న. మంచిగనే ఉన్నది.
ఆధార్ల ఇంకో తీరు ఉందని యాదికొచ్చింది.
మల్ల ఏమన్న పంచాయితొస్తె కోడు నా మెయిల్‌కు రావాలె గద.

వార్, కలిపిన.
ఈసారి తోక నేనే తగిలించిన.