ముందు తడి

మా ఇంటిపేరు ఒకే ఒక్క అక్షరం.
దానికి ఎడమపక్క మూడు చుక్కలు, నీటి గుర్తు.
పడవ పగిలి మా మూలపురుషుడు
తెయాన్ బురదరేవులో పాక్కుంటూ ఒడ్డెక్కినప్పుడు
అంగీ అంచు నుంచి రాలినవట అవి.
నా ఏడో ఏట డొక్‌చిల్ తాత
కుంచె పట్టించి చెప్పాడు:
"ముందు తడి పెట్టు. మనిషి తర్వాత."

వంశావళి, మా జోక్‌బో, బియ్యం డబ్బా పైన ఉండేది.
పదకొండు సంపుటాలు, కర్పూరం వాసన.
మొదటి పేజీలో ఆయన పండితుడు,
చక్రవర్తి కోపానికి దేశం విడిచినవాడు.
అందరి మూలపురుషులూ పండితులే.
వంటవాళ్లూ తెడ్డు వేసేవాళ్లూ
ఏ సముద్రమూ దాటలేదు కాబోలు.
ఆయన పేరు కింద సన్నటి అక్షరాల్లో
భార్య: ఈ ఊరి స్త్రీ.

మొన్న ఏప్రిల్లో పదహారుమందిమి
ఇంచియాన్‌లో ఓడెక్కి షాన్‌డాంగ్ వెళ్లాం.
రాత్రంతా తాత కటకటాల దగ్గరే నిలబడ్డాడు.
ఆయన మునిగిన నీళ్లు కదా,
పడుకుని దాటితే ఏం మర్యాద అన్నాడు.

అక్కడా అక్షరం అదే. పలుకే వేరు.
వాళ్ల నోట మా పేరు
ఇంకెవరినో పిలిచినట్టుంది.
రిటైరైన లెక్కల మాస్టారొకాయన
కళ్లజోడు తుడుచుకుని వాళ్ల పుస్తకం తెరిచి
వేలు దించుకుంటూ, దించుకుంటూ, ఆగాడు.
రెండో కొడుకు. ఉప్పు పడవ మీద పద్దులు రాసేవాడు.
ఇరవై మూడో ఏట సముద్రం పాలయ్యాడు.
సంతానం లేదు.

దుబాసీ పిల్ల ఆ చివరి మాటని
మాకేదో జబ్బుందని చెప్పినట్టు మెల్లగా చెప్పింది.
వరసగా నిలబడి ఉన్నాం
పదహారుమందిమి,
లేని సంతానం.

ఎవరో కిసుక్కున నవ్వారు. తాత నవ్వలేదు.
"వాళ్లమ్మ ఎన్నాళ్లు రేవుకేసి చూసిందో" అన్నాడు,
ఏడువందల ఏళ్ల కిందటి ఆమె
పక్కగదిలో ఉన్నట్టు.
మాస్టారు కలం అందించాడు, దిద్దమని.
తాత వద్దన్నాడు.
"ఈ ఇంటికి అది నిజమే. ఆయన తిరిగి రాలేదు."

తిరుగు ఓడలో నాకు ఆవిడే గుర్తొచ్చింది.
ఆ పొద్దు బురదలో ఆల్చిప్పలు ఏరుకుంటూ ఉండిందేమో.
కొప్పు పట్టి లాగిందో, అంగీ పట్టి లాగిందో.
ఒక్క మాట కలవదు ఇద్దరికీ.
ఆకలి అని ఏ భాషలో అన్నాడో,
ఏ చిప్పలో గంజి పోసిందో,
పదకొండు సంపుటాల్లోనూ వెతికాను.

నా పేరు కూడా వాటిలో లేదు.
ఆడపిల్లల చోట అల్లుళ్ల పేర్లు రాస్తారు.
నాకు పెళ్లి కాలేదు కనక
నాన్న కింద కాస్త ఖాళీ.

ఇల్లు చేరిన రాత్రి మొదటి సంపుటం దింపి
"ఈ ఊరి స్త్రీ" పక్కన రాద్దామని కుంచె తడిపాను.
ఏ పేరు రాయను?
పట్టుకుని కూర్చున్నాను చాలాసేపు.
ఒక చుక్క జారి కాగితం మీద పడింది.

తాత చూశాడు.
తుడవమని అనలేదు.