ఏడో కౌంటర్

ఓలిన్‌ వాళ్ల గోధుమ చేను అమ్ముడుపోయిన రోజు నుంచి చెప్పాలి.
కాదులే, దీపాలు వెలిగిన రాత్రి నుంచి.

నలభై స్తంభాలు ఒక్కసారి భగ్గుమన్నాయి.
రెండు మైళ్ల అవతలి వెలుతురుకి
మా వంటింటి గోడ మీద నా నీడ పడింది.
పొరుగింటి కోడిపుంజు, పాపం, అర్ధరాత్రి కూసింది.

అప్పటికి ముప్పై ఒక్క ఏళ్లు
ఆర్లిస్ టాంగెన్ హార్డ్‌వేర్ కొట్లో గల్లాపెట్టె నాది.
మేకులు తూకానికి అమ్మేవాళ్లం.
ఒక్క స్క్రూ కావాలంటే ఒక్కటే ఇచ్చేవాడు ఆర్లిస్,
దాన్ని వెతకడానికి అరగంట పట్టినా సరే.
మంచు తలుపుల దాకా పేరుకున్న రోజున
డబ్బు సంగతి ఎవరెత్తుతారు?
ముందు పార పట్టుకెళ్లు, అనేవాడు.
పచ్చ అట్ట పుస్తకంలో నేను రాసేదాన్ని:
పేరు, తేదీ, వస్తువు.
కొందరు తీర్చారు. కొందరు చచ్చిపోయారు.
కొందరు వీధికి అవతలి పక్కన నడవడం నేర్చుకున్నారు.

ప్రారంభోత్సవం నాడు
గ్రెన్‌వోల్డ్‌లో పెళ్లికీ చావుకీ కూడా చేరనంత జనం.
స్కూలు పిల్లల బ్యాండులో
బాకాలు పెదాలకి అతుక్కుపోయాయి చలికి.
మొదటి వంద మందికి నీలం బకెట్టు ఉచితం.
ఆర్లిస్‌ది వరసలో ముప్పై ఎనిమిదో చోటు.
"సిగ్గెందుకు వెర్నా, బకెట్టు గట్టిది" అన్నాడు,
వేలి మెటికతో అడుగు కొట్టి చూస్తూ.

అన్నీ తెచ్చుకున్నారు, కత్తెర మరిచిపోయారు.
మేయరు గుమస్తా మా కొట్టుకి పరిగెత్తుకొచ్చింది.
పర్సు తేలేదు, రాసుకోమంది.
రాశాను.

జనవరిలో కొట్టు మూసేశాం.
ఫిబ్రవరికల్లా నాకు నీలం చొక్కా, గుండె మీద పేరు,
ఏడో కౌంటరు.
ఇక్కడ మేకులు ప్లాస్టిక్ డబ్బాల్లో నిద్రపోతాయి.
చారలు చూపిస్తే యంత్రం కూస్తుంది, అంతే.
చేతికి ఇనుము వాసన పోయింది.
ఒప్పుకోవాలి, జీతం పదిహేను రోజులకోసారి
ఠంచనుగా పడుతుంది. పళ్లకి కూడా బీమా ఉంది.

పుస్తకంలో ఉన్నవాళ్లు నా వరసలోకి రారు.
ఖాళీగా నించున్నా సరే,
నాలుగో కౌంటరు దగ్గర చాంతాడంత క్యూలో నిలబడి
చూయింగ్ గమ్ పొట్లాల మీద ధరలు చదువుకుంటారు.

మొన్న మంగళవారం ఒర్లిన్ ఫాస్ వచ్చాడు.
తెల్ల రంగు డబ్బా, కుక్కకి తిండి, రెండు బల్బులు.
కార్డు గీశాడు. కదల్లేదు.
మడతలు పడ్డ నోట్లు నా ముందు పెట్టాడు.
"రేకుల మేకులు," అన్నాడు. "వడగళ్లు పడిన ఏడాది."
నలభై మూడు డాలర్లు. నాకూ గుర్తే.

తల మీద కెమెరా నల్లకన్ను.
అమ్మకంలో లేని డబ్బు ముట్టుకోకూడదని
మొదటి రోజే సంతకం చేశాను.
అటు కైలీ చూస్తోంది, నా పైఅధికారి, ఇరవై రెండేళ్లది,
వాళ్ల తాతయ్య పేరు పన్నెండో పేజీలో ఉంది.

"ఆర్లిస్ ఇక్కడే ఉన్నాడు," అన్నాను,
"బయటి తలుపు పక్కన, బెంచీ మీద.
అక్కడ హీటరు బాగా పనిచేస్తుందట."
ఒర్లిన్ ముఖం పాలిపోయింది.
నాకివ్వడం సులువనుకున్నాడు కాబోలు.
వెనకున్న పిల్లాడు ఏడుపందుకున్నాడు.
నోట్లు తీసుకుని వెళ్లాడు.

ఎవరొచ్చినా తెరుచుకుని, వెంటనే మూసుకునే గాజు తలుపులు,
వాటి మీద మొక్కజొన్నల పోస్టరు. అందుకని ముక్కలుగానే చూశాను:
టోపీ తీసిన తల.
తలుపు.
బెంచీ మీద జరిగి చోటిస్తున్న ఆర్లిస్.
తలుపు.
ఇద్దరి భుజాలూ ఊగుతున్నాయి,
నవ్వో దగ్గో తెలియలేదు.
తర్వాత నా దగ్గరికి గుమ్మడికాయలతో ఎవరో వచ్చారు.

రాత్రి పుస్తకం తీసి ఒక గీత కొట్టాను.
దాని కింద ఇంకా ఉంది, నా రాతలోనే:
కత్తెర ఒకటి. పురపాలక సంఘం.
పదకొండు డాలర్ల తొంభై సెంట్లు.