విన్నది ఎవరి దగ్గర

ఎల్డోరెట్‌లో రాత్రి రెండు.
కిందింటి కుక్క కూడా మొరగడం మానేసింది.
భుజాల మీద దుప్పటి, చల్లారిన టీ,
తెర మీద ఆర్డరు:
"గ్రంథచౌర్యం ఎందుకు తప్పు?
పదిహేను వందల మాటలు. తెల్లారేలోపు.
సొంతంగా రాసినట్టుండాలి."

నవ్వు రాలేదు.
అయిదో తారీఖుకి గది అద్దె కట్టాలి.

ఎవరో క్యాలమ్, లీడ్స్ వైపు పిల్లాడు.
నా పేరు జెరోటిచ్. ఆ సంగతి అతనికి అక్కర్లేదు,
అక్కడ నాకో నంబరుంది.

ఉటంకింపులన్నీ పద్ధతిగా పెట్టాను,
పుట సంఖ్యలతో సహా.
ఏ యంత్రం జల్లెడ పట్టినా
నలుసు దొరకదు.

మూడో పేజీలో మాటలు తక్కువపడ్డాయి.
నిద్రమత్తులో కోగోని తెచ్చి కూర్చోబెట్టాను.
మా అమ్మమ్మ.
నందీ కొండల చలిలో
కథ మొదలెట్టే ముందు ప్రతిసారీ
పొయ్యిలో కట్టె ఎగదోసి చెప్పేది:
"ఇది నాకు తాప్లెలేయ్ చెప్పింది,
దానికి వాళ్ల మేనత్త.
ఆపైన నాకు తెలీదు."
అంతవరకూ కుందేలు
గుహలోంచి బయటికొచ్చేది కాదు,
మేమెంత గోల చేసినా.

నూట ఇరవై మాటలు. సరిపోయింది.
పంపేశాను. తొమ్మిది డాలర్లు.

పదిహేను రోజులకి కబురు:
"డెబ్బై ఎనిమిది వచ్చాయి, థాంక్స్!
కానీ ప్రొఫెసరమ్మ మార్జిన్లో రాసింది,
'ఈ ముసలావిడ ఎంత బాగుంది.
మీ అమ్మమ్మేనా? పేరేమిటి?'
ఏం చెప్పను?"

కోగో పోయి మూడేళ్లు.
నా థీసిస్ ఇంకా రెండో అధ్యాయంలోనే ఉంది,
అందులో ఆవిడకి చోటు పెట్టలేదు,
పండిత విషయం కదా అని.

ఈ ఉదయం మా యూనివర్సిటీలో అవగాహన సదస్సు.
ప్లాస్టిక్ కుర్చీలు, వచ్చినవాళ్లందరికీ సోడా.
డాక్టర్ వాన్యామా కళ్లద్దాలు పైకి నెట్టి అడిగాడు:
"గ్రంథచౌర్యమంటే తెలియనివాళ్లు
ఎవరైనా ఉన్నారా?"

ఒక్క చెయ్యి లేవలేదు.
ముందు వరసలో ఇద్దరు, కిటికీ దగ్గర ఒకడు,
కళ్ల కింది నలుపు చూస్తే చాలు,
రాత్రిళ్లు ఎవరు రాస్తున్నారో నాకు తెలిసిపోతుంది.
వాళ్లకీ నేను తెలిసే ఉంటాను.

ఒళ్లో ఫోను మళ్లీ గిజగిజలాడింది.
"పేరు చెప్పు. ఏదో ఒకటి. ఇవాళే కలవాలి ఆవిడని."

"నాకు తెలీదు" అని కొట్టాను.
చెరిపేశాను.

తెలియనప్పుడు మాత్రమే
ఆ మాట అనేది కోగో.