ఏడో విడత

నాలుగో విడత సీసాలు
అర్ధరాత్రి పేలి ఓనరుని నిద్రలేపాయి.
కావేరి నీళ్ళు రాని వారం
బోరు నీళ్ళతో కాచింది ఆరోది.
నాలుక మీద సుద్దముక్క గీసినట్టుంది.
నోటుపుస్తకంలో రాసుకున్నాను:
ట్యాంకరుని నమ్మకు.

ఏడోదానికి రాగులు నానబెట్టి
కమ్మనహళ్ళి మేడ మీద తడిగుడ్డలో మూటగట్టాను.
మూడోరోజుకి తెల్లటి మొలకలు, దారప్పోగుల్లా.
ఎండబోస్తుంటే కింద వాటా తంగమణి గారు
తమిళం కలిసిన తెలుగులో
"పాపకి ఎన్నో నెల?" అన్నారు.
అబద్ధం నోటిదాకా పొంగి
నురగలా కూలిపోయింది.
"పాప లేదండీ. బీరు."
ఆవిడ పిడికెడు తీసి వాసన చూసి
వేళ్ళ మధ్య నలిపి
"ఇంకో ఎండ కావాలి" అన్నారు.
మర్నాడు మనవడి కోసం సగం కొలుచుకుని పట్టుకెళ్ళారు.

మిగిలిన సగానికి బార్లీ పెంచి లెక్క మార్చాను.
అరవై ఏడు డిగ్రీల దగ్గర గంటసేపు
గరిటె పట్టుకుని కాపలా.
హాప్స్ కొంచెం, కొడగు నారింజ తొక్క ఇంకొంచెం.
చల్లారాక ఈస్టు చల్లి
డ్రమ్ముకి తడి తువాలు చుట్టి
స్నానాలగది మూల కూర్చోబెట్టాను.
ఈ ఊరి చల్లదనం దానికి పడింది,
తుమ్ములు నాకు.

రాత్రి రెండింటికి మెలకువ.
గొట్టంలో బుడుంగ్... బుడుంగ్...
కింద పసివాడి ఏడుపు,
గిన్నెలో చెంచా చప్పుడు,
తర్వాత ఏమీ లేదు.
సగం అక్కడ, సగం ఇక్కడ
డ్యూటీలో ఉన్నాయి రాగులు.

సీసా మూత ఇంకా తీయలేదు.
ఎలా ఉంటుందో తెలీదు.
ఏడో పేజీలో మాత్రం
అన్ని కొలతల కంటే పైన రాశాను:
ఇంకో ఎండ.