అరంగుళం

నా సంచిల చిన్న కత్తెర దొరికింది.
గేటుకాడి పిల్ల దాన్ని రెండు వేళ్లతో పైకెత్తింది
తేలును తోకపట్టి లేపినట్టు.
"ఇది లోపలికి రాదు ఆంటీ" అని
టోకెన్ చేతుల పెట్టింది. పద్నాలుగు.
పుస్తెలతాడుకున్న సూది మాత్రం
వాళ్ల మిషన్‌కు కనపడలే.

టికెట్లు మేడంవి.
పిలిచినోళ్లు రాకపోతే రెండు మిగిలినయట,
దావతుల మిగిలిన బిర్యానీ లెక్క
వెనకరూముకొచ్చినయ్. నాకొకటి, కౌసర్‌కొకటి.
బంజారాహిల్స్‌ల ఆ షాపు ముందర
అద్దాలు, బొమ్మలు, చందనం వాసన;
వెనక మేము, పదకొండేండ్లు, ఒకే ట్యూబులైటు కింద.

సీటు కాదది, పట్టెమంచం.
గుండీ ఒత్తితే కాళ్లు వాటంతటవే లేసినయ్.
కౌసర్ "హాయల్లా" అని నా చెయ్యి పట్టుకున్నది.
నా నడుము నమ్మలే.
పొద్దంత ఒంగున్న నడుము
వెనక్కి వాలమంటే ఎట్ల వాల్తది?

నల్లచొక్కా పిల్లగాడొచ్చి దుప్పట్లు కప్పి
ఏం తెమ్మంటరని మోకాళ్ల మీద కూసొని అడిగిండు.
కార్డు చూసినం.
ఒక బ్లౌజు కుట్టుకూలి, ఒక డబ్బా మక్కపేలాలు.
"నీళ్లు" అన్నం ఇద్దరం ఒక్కసారే.

సినిమా హిందీది, మస్తు నవ్వులది.
పెద్ద డిజైనర్, ఆయన సంకల కుక్కపిల్ల,
కుక్కపిల్ల కోటుకు జరీ అంచు.
బట్టల పెట్టెలు విమానంల దారితప్పి యాడికో పోతే
హోటల్ కర్టెన్లు దించి
రాత్రికి రాత్రి నలభై గౌన్లు!
ఒక పాట. పాట అయిపోయేసరికి
నలభై మందికి నలభై తొడిగి ఉన్నయ్.
మిషన్ చప్పుడు లేదు. దారపుండ లేదు.
ఒక్క మనిషి కూడా వంగలే.

గప్పుడొచ్చింది మాకు నవ్వు.
ముందు కౌసర్‌కు, ముక్కులకెళ్లి.
తర్వాత నాకు.
హాలంత నిమ్మలంగ ఉంటే
మేమిద్దరమే మూతుల దుప్పటి కుక్కుకొని
కండ్ల నీళ్లు కారంగ నవ్వినం.
ముందు సీటాయన తిరిగి చూసిండు,
ఇందుల నవ్వేదేమున్నదని.

చివర్ల ర్యాంపు మీద
పొడుగు పిల్ల ఠీవిగ నడుస్తుంటే
నడుముకాడ పర్రుమన్నది గౌను.
హాలు హాలంత ఇరగబడ్డది.
నాకు రాలే.
చంకకాడ కాదు, నడుముకాడ పోయిందంటే
లోపల అరంగుళం గుడ్డ వదల్లే. అంతే.

పోయిన శ్రావణంల, శంషాబాద్ దిక్కు ఫంక్షన్ హాల్ల
గట్లనే పోయింది ఒక పెండ్లిపిల్ల రవిక.
మేకప్ రూముల గోడకు ముఖం పెట్టి నిలబడ్డది.
తలంబ్రాలకు ఇరవై నిమిషాలు.
కౌసర్ పండ్ల మధ్య సూది, నా చేతిల ఫోను లైటు,
ఆ పిల్ల ఊపిరి బిగబట్టితే ఒక కుట్టు,
వదిలితే ఆగుడు.
బయట బ్యాండు. లోపల ఎవరూ నవ్వలే.
"మా తప్పే" అన్నం వాళ్ల తల్లితోటి.
కాదు.
లోపల గుడ్డ వదలొద్దు, బయటికి గీత పడుతదని
మేడమే చెప్పింది.

సినిమా ఇడిసినంక కత్తెర అడిగిన.
గేటుకాడి పిల్ల ఏసుకున్న కోటు
ఎవరో మగపిల్లగాని కొలత,
వీపు మీద మూడు పిన్నీసులు.
"రెండు దిక్కుల అరంగుళం తీస్తే కూసుంటది బిడ్డా" అన్న.
వీపు తడుముకున్నది, సిగ్గుపడ్డది,
టోకెన్ వాపసు తీసుకునుడు మరిచింది.

గుండీల డబ్బాల ఏసిన దాన్ని.
పద్నాలుగు. బెజ్జాల్లేవు,
ఏ చొక్కాకూ పనికిరాదు.
గుండీ కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా
కౌసర్‌కు అదే దొరుకుతది,
ముక్కులకెళ్లి నవ్వుతది.